డేరా రంగస్థలము: నాందేడు సీమలోని జాతర గుడారములు

డేరా రంగస్థలమనగా నిట్రాళ్ళపై లేవనెత్తి, మోకులతో బిగించి, చుట్టును కనాతులు కట్టి, ఒకచోట కొలది దినములు నిలిపి, పిమ్మట విప్పి లారీలకెత్తుకొని మఱియొకచోటికి తరలించుకొనిపోవు వస్త్రమయమైన ప్రేక్షాగృహము. సర్కసుకొఱకు పుట్టిన పెద్ద గుడారము ఈ జాతి నిర్మాణములన్నిటిలో ప్రసిద్ధమైనది. అయినను మన దేశమున అది సర్కసుతో ఆగిపోలేదు. నాటకమునకు, సంగీతమునకు, చలనచిత్రమునకు, కీర్తనలకు, సాహిత్యసభలకు గూడ అది ఆశ్రయమిచ్చినది. మహారాష్ట్రమునకు తూర్పు సరిహద్దున, తెలుగునేలకు ఆనుకొనియున్న నాందేడు జిల్లా ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనువైన ప్రదేశము. అచ్చట ఏటేట మార్గశిరమాసాంతమున మాళేగావ్ ఖండోబా జాతరలో లేచు, తమాషా యను మరాఠీ జానపదనాటకపు గుడారములు డేరా రంగస్థలమునకు నేటికిని సజీవమైన ఉదాహరణములు. పక్కా భవనము కట్టుకొనలేనివారు తాత్కాలికముగా కల్పించుకొనిన ఉపాయమే డేరాయని పలువురు తలంతురు. ఈ భావము సరికాదు. ప్రేక్షకులు తమంతట తాము కూడుచోటిని వెదకికొనుచు రంగస్థలమే నడచిపోవుట ఇందలి విశేషము; దీనికి ప్రత్యేకమైన శిల్పము, ఋతుచర్య, వృత్తిధర్మము కలవు.

దేశము, జనము: గోదావరి నాందేడు పట్టణమును ఒరసికొని ప్రవహించి, దిగువన కందకుర్తి చెంత మంజీరతో కలిసి తెలంగాణమును ప్రవేశించును. 1956 నవంబరు 1 వఱకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోని మరాఠ్వాడా విభాగమున ఉండి, ఆనాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణముచే బొంబాయి రాష్ట్రమునకు, 1960 మే 1న మహారాష్ట్రమునకు చెందినది. బిలోలి, ధర్మాబాదు, దేగలూరు, కిన్వట్ మొదలగు సరిహద్దు తాలూకాలలో తెలుగు నేటికిని ఇండ్లలోను సంతలలోను వినబడుచునే యున్నది. కిన్వట్‌కు ఆవల మాహూరు కొండపై వెలసిన రేణుకాదేవిని సేవించుటకు తెలుగు యాత్రికులు తరతరములుగా పోవుచున్నారు. సికింద్రాబాదునుండి మన్మాడునకు నిజాముకాలమున, 1900 ప్రాంతమున వేయబడిన గోదావరి లోయ రైలుమార్గము నాందేడు మీదుగా సాగి ఈ సీమను హైదరాబాదుతోను బొంబాయి ప్రాంతముతోను ఒకే దారికి తెచ్చినది. నేడును నాందేడు రైల్వే విభాగము సికింద్రాబాదు కేంద్రముగా గల దక్షిణమధ్య రైల్వేకు చెందినదే. ఇట్టి రెండుభాషల సీమలో, ఊరూర తిరుగు కళాకారునకు భాషకన్నను ముందుగా కావలసినది అందరికిని కనబడు వేదిక, అందరికిని వినబడు డోలు.

నేల స్వభావమును గూడ చెప్పవలెను. నాందేడు జిల్లాలో విశేషభాగము నల్లరేగడి. వానకాలమున ఈ నేల ఉబ్బి బురదయగును. అందు నాటిన మేకు బిగి నిలువదు, బండిచక్రము కదలదు. వానలు వెనుకబడి నేల గట్టిపడిన తరువాతనే పెద్ద డేరా నిలుపుట సాధ్యము. దసరా మొదలు వైశాఖ పౌర్ణమి వఱకు తమాషావారి సంచారకాలమైనది ఇందువలననే. పంట ఇల్లుచేరి రైతుచేతిలో నాలుగు రూకలు ఆడు కాలమును అదే యగుట కళాకారులకు అనుకూలించినది.

మాళేగావ్ జాతర: నాందేడునుండి లాతూరునకు పోవు మార్గమున, లోహా తాలూకాలో మాళేగావ్ అను గ్రామము కలదు. ఇచ్చటి ఖండోబా ఆలయమున మార్గశిర బహుళ చతుర్దశినాడు పల్లకి సేవతో జాతర ఆరంభమగును. ఖండోబాను కన్నడిగులు మైలారుడనియు, తెలుగువారు మల్లన్న యనియు కొలుతురు. కొమురవెల్లిలోను ఐనవోలులోను ఒగ్గుకథకులు డోలుమీద పాడి కీర్తించు దేవుడే ఇచ్చట ఖండోబా భక్తగాయకులైన వాఘ్యా, మురళీల జాగరణ గీతములకు విషయమైనాడు. గొల్లకురుమలు, ధనగరులు మొదలగు పశుపాలకులకు ఈతడు కులదైవమగుటచే మాళేగావ్‌లో జాతరయు పశువుల సంతయు విడదీయరాక కలసిపోయినవి. గుఱ్ఱములు, గాడిదలు, ఒంటెలు, ఎడ్లు క్రయవిక్రయములకై దూరదేశములనుండి వచ్చును. మూడు రాష్ట్రముల యాత్రికులు బండారు పసుపు ఎగజల్లుచు "ఏళకోట్ ఏళకోట్ జై మల్హార్" అని ఘోషింతురు. కుస్తీ పోటీలు, వ్యవసాయ ప్రదర్శనము, జిల్లా పరిషత్తు పక్షమున జరుగు లావణి నృత్యగీతముల మహోత్సవము ఇవియెల్ల ఆ దినములలో ఇచ్చటనే.

గుడి కనుచూపుమేరలో ఉండగా, సంతకు ఆవలి మైదానమున తమాషా డేరాలు వరుసగా లేచును. ఫడ్‌లనబడు తమాషా బృందములలో రెండు తెగలున్నవి. గ్రామస్థులు ముందుగా సుపారీయిచ్చి, అనగా బయానా యిచ్చి, పిలిపించుకొనగా ఊరిబయలున ఆడిపోవు హంగామీ ఫడ్‌లు ఒక తెగ. సొంత డేరా, సొంత లారీలు, విద్యుద్యంత్రము కలిగి, టిక్కెట్టుపై ఆడునవి రెండవ తెగ. ఈ రెండవ తెగ పెద్ద ఫడ్‌లలో నటీనటులు, వాద్యగాండ్రు, వంటవారు, డేరాపనివారు కలిసి నూరుమందికి పైగా ఉందురు. పూణే జిల్లాలోని నారాయణగావ్ ఈ వృత్తికి రాజధానివంటిది. ఉగాదికి, అనగా వారి గుఢీపాడ్వాకు, ముందుగా ఫడ్‌లవారు అచ్చట రావుటులు వేసికొని కూర్చుండగా, గ్రామపెద్దలు వచ్చి చైత్ర వైశాఖ జాతరలకు బేరములు కుదుర్చుకొందురు. మాళేగావ్ యాత్ర ఆ వసంతపు హడావుడికి ముందు, హేమంతమున వచ్చును. మరాఠ్వాడాలో టిక్కెట్టు డేరాలకిది పెద్ద పరీక్ష.

డేరాలోని తమాషాకు నిర్ణీతమైన క్రమము కలదు. ముందుగా వచ్చు గణ్ గణపతిస్తుతి. తరువాతి గవళణ్‌లో పాలు పెరుగు అమ్మబోవు గోపికలను కృష్ణుడు అటకాయించును. మావశీ యను ముదుసలి గోపిక వేషమున పురుషనటుడు హాస్యము పండించును. పిమ్మట రంగబాజీ, అందు లావణి పాటలు, ఆటలు; నడుమ బతావణీ యను సంభాషణహాస్యము; తుదకు వగ్ యను కథానాటకము. ఈ వగ్ పూర్వము అర్ధరాత్రమున ఆరంభమై తెల్లవారుదాక సాగెడిది. రాజుల కథలు, దొంగల కథలు, ఊరిపెత్తనములను ఎత్తిపొడుచు కథలు ఇందు ఇతివృత్తములు. ఢోల్కీ, హల్గీ, తుణతుణే, తాళములు మూలవాద్యములు. ఒక తుణతుణే తీగమీద, ఒక ఢోల్కీ దెబ్బమీద వేలమందిని రాత్రియంతయు కూర్చుండబెట్టగల విద్య ఎంత గొప్పదో శాస్త్రీయ సంగీతసభలకు అలవాటుపడినవారు సులభముగా గుర్తింపరు. నేటి డేరాలలో మొదటి గంటలను చలనచిత్ర గీతములు, రంగురంగుల దీపములు ఆక్రమించినను, వగ్ బాగుగ ఆడగల ఫడ్‌నే పాతకాలపు ప్రేక్షకులు ఆదరింతురు.

ఈ కళను మోసినవారు ప్రధానముగా మహారులు, మాంగులు, కొల్హాటీలు. వీరిలో కొల్హాటీలు పూర్వము తాటిపై నడచి, గడయెక్కి విన్యాసములు చూపిన వృత్తివారు. మన దొమ్మరుల వంటివారు. కావున సర్కసు గుడారమునకును తమాషా గుడారమునకును గల చుట్టరికము గుడ్డలోను త్రాళ్ళలోను మాత్రమే కాక జనములో గూడ కలదు. ఈ వృత్తిలో స్త్రీల జీవితము సుఖమైనది కాదు. కిశోర్ శాంతాబాయి కాళే 1994లో వెలువరించిన 'కొల్హాట్యాచం పోర్' అను ఆత్మకథ, చప్పట్లు కొట్టిన ఊరే ఆ నర్తకి బిడ్డలను ఎట్లు వెలివేయునో దాపరికము లేక చెప్పినది. నారాయణగావ్‌కర్ విఠాబాయి (1935–2002) నిండుగర్భిణియై డేరాలో ఆడుచుండగా నొప్పులు రాగా, తెరవెనుక ప్రసవించి, మఱల రంగమెక్కినదని తమాషాలోకమున నిలిచిన కథ. ఆమెకు రాష్ట్రపతి పురస్కారము లభించినది. మహారాష్ట్ర ప్రభుత్వము ఆమెపేర జీవితసాఫల్య పురస్కారమును నెలకొల్పినది. ఆమె కుమార్తె మంగళా బన్సోడే, విఠాబాయి సమకాలికురాలు కాంతాబాయి సాతార్‌కర్, ఈమె కుమారుడు రఘువీర్ ఖేడ్కర్ ఈ టిక్కెట్టు డేరాల సంప్రదాయమును ముందునకు కొనిపోయినవారిలో ముఖ్యులు. బిరుదులు వచ్చినవి, అయినను డేరావెనుక రావుటిలో బిడ్డను పరుండబెట్టి గజ్జెకట్టు స్త్రీకి బడి, వైద్యము, వృద్ధాప్యవేతనము ఆ వేగముతో రాలేదు. 2020 మార్చిలో, జాతరల కాలము మొదలగుచుండగనే కోవిడ్ కారణముగా దేశవ్యాప్త దిగ్బంధము విధింపబడుటతో ఫడ్‌లన్నియు ఒక్కదెబ్బకు నిలిచిపోయినవి. ఆ ఏడును, తరువాతి ఏడును అప్పులతో గడచినవి.

నిర్మాణము: పెద్ద సర్కసు గుడారమునకు నడుమ రెండో నాలుగో నిట్రాళ్ళుండును. వీనిని ముందుగా నిలిపి, నాలుగుదిక్కుల మోకులతో కట్టి, పిమ్మట కప్పుగుడ్డను కప్పీలమీదుగా పైకి లాగుదురు. నిట్రాళ్ళకును అంచునకును నడుమ ఏటవాలుగా నిలుపు మధ్యస్తంభములు గుడ్డను బిగువుగా ఉంచును. అంచుగుంజలకు కనాతులు వ్రేలాడును. బరువును మోయునది స్తంభమే యని చూచువారికి తోచును గాని, గుడారమును నిజముగా నిలుపునది బిగువు. గాలి కప్పును పైకెత్తజూచును, మోకు క్రిందికి లాగును. ఈ రెంటి సరితూకమును మేకు భరించును. కావుననే డేరామేస్త్రీ తెల్లవారుజామున లేచి మొట్టమొదట చూచునది మేకులనే. మంచుకు తడిసిన నూలుమోకు బిగియును, ఎండకు సడలును. కనుక దినమునకు పలుమారులు సవరింపవలెను. పూర్వపు దట్టమైన నూలుగుడ్డకు బదులు నేడు పి.వి.సి. పూత పూసిన పాలియెస్టరును, నూలుమోకులకు బదులు ఉక్కుతీగలను వాడుచున్నారు.

సర్కసు గుడారము వర్తులాకారమున నుండుటకు కారణము గుఱ్ఱము. 1768లో లండనున ఫిలిప్ ఆస్ట్లీ అను అశ్వికుడు వలయాకారమున పరువెత్తు గుఱ్ఱముపై నిలుచుట సుకరమని గ్రహించి ప్రదర్శనములారంభించెను. ఆయన కాలమున స్థిరపడిన 42 అడుగుల వ్యాసము నేటికిని సర్కసు రింగునకు ప్రమాణమైనది. వలయము నడుమ ఆటయైనప్పుడు అన్ని దిక్కులును ముందే. పాటకును మాటకును ఈ ఆకృతి అంతగా పొసగదు. నటుడు ఎవరివైపు తిరిగినను సగముమందికి వీపు చూపవలసివచ్చును. కావున నాటకమువారు, తమాషావారు గుడారమును దీర్ఘచతురస్రముగా సాగదీసి ఒక కొసన వేదిక కట్టుదురు. భరతుడు నాట్యశాస్త్రమున వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము అని మూడువిధముల నాట్యమండపములను చెప్పి, వానిలో 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గల మధ్యమ ప్రమాణమును మనుష్యులకు ఉచితమైనదిగా నిర్ణయించెను. అంతకు మించిన మండపమున మాట స్పష్టముగా వినరాదనియు, ముఖమున భావము కానరాదనియు హేతువు చెప్పెను. మూరకు 18 అంగుళములుగా లెక్కించినచో అది 96 అడుగులకు 48 అడుగులు. ఇరువదవ శతాబ్దారంభమున సంచారచిత్రప్రదర్శకుడైన అబ్దుల్ అలీ ఇసూఫ్ అలీ తనతో త్రిప్పిన డేరా 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గలదై, ఇంచుమించు వేయిమందికి చాలెడిదట. శాస్త్రమును చదివి కొలిచిన గుడారము కాదది; మనుష్యుని కన్నును చెవియు రెండువేల యేండ్లలో మాఱలేదని మాత్రమే దీనివలన తెలియును.

ధ్వనివిషయమున డేరాకు ఒక లోపము, ఒక గుణము. గుడ్డ బయటి చప్పుడును ఆపలేదు. లోపలి స్వరమును రాతిగోడవలె తిరుగగొట్టి బలపరుపను లేదు. ప్రక్క డేరాలోని డోలు ఈ డేరాలోని పాటను మ్రింగివేయుట మాళేగావ్ మైదానమున సాధారణము. తమాషా గాయనీగాయకులు తారస్థాయిని సాధన చేయుటకు, హల్గీవంటి తీక్ష్ణధ్వని వాద్యము స్థిరపడుటకు ఈ పరిస్థితియే కారణమని యూహింపవచ్చును. కాని ప్రతిధ్వని లేకపోవుటచే మాట మాటగా, తాళము తాళముగా చెవికందును. పెక్కు కాంక్రీటు సభాభవనములకు ఈ భాగ్యము లేదు.

సర్కసు వచ్చిన త్రోవ: గుడారమున సర్కసాడుట అమెరికాలో 1825లో జాషువా పర్డీ బ్రౌన్ అను ప్రదర్శకునితో మొదలైనది. ఊరూర కట్టడములు లేని విశాలదేశమున ఆ పద్ధతి శీఘ్రముగా వ్యాపించెను. మన దేశమున సొంత సర్కసును స్థాపించినవాడు మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే. ఇటలీవాడైన చియారినీ సర్కసు బొంబాయికి వచ్చినప్పుడు అట్టిది తానును నడుపగలనని పూనుకొని, 1880 మార్చి 20న బొంబాయిలో తన గ్రేట్ ఇండియన్ సర్కసును ప్రదర్శించెను. ఛత్రే గ్వాలియరున హద్దూఖాన్ చెంత ఖయాల్ గానమభ్యసించినవాడు. గురుపుత్రుడైన రహిమత్‌ఖాన్ దిక్కులేక కాశిలో తిరుగుచుండగా ఆదరించి, తన సర్కసుతోపాటు దేశమంతయు త్రిప్పి, ఆ మహాగాయకుని పాట లోకమునకు దక్కునట్లు చేసినవాడును ఆయనయే. సర్కసు డేరా సంస్కృతికి ఏమి చేసినదని ఎవరైన అడిగినచో, ఈ ఒక్క యుదాహరణము చాలును. ఛత్రే తలశ్శేరికి వెళ్ళినప్పుడు కీలేరి కుఞ్ఞికణ్ణన్ అను వ్యాయామోపాధ్యాయునితో పరిచయమేర్పడి, అచ్చట సర్కసు శిక్షణాలయము పుట్టి, కేరళము ఈ వృత్తికి పుట్టినిల్లయ్యెను. తెలుగువారిలో వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు (1882–1942) విజయనగరమున సర్కసు స్థాపించి, ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొని, ఉక్కుగొలుసులు త్రెంచి, కలియుగభీముడనిపించుకొనెను. పులులు, సింహములు, ఎలుగుబంట్లు, కోతులు మొదలగు జంతువులను ఆడించుటపై నిషేధము 2001లో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడగా, 2011లో బాలబాలికలను సర్కసుపనిలో పెట్టుకొనుట నిషిద్ధమైనది. ఈ రెండును న్యాయమైన కట్టుబాట్లే. కాని సర్కసులు పెక్కు మూతపడుటతో పెద్ద గుడారమును ఎత్తుట, దించుట తెలిసిన పనివారు ఇతర వృత్తులలోనికి చెదరిపోయిరి.

సురభి: డేరాను సర్కసువారికన్నను ఎక్కువ కళాత్మకముగా వాడుకొనినవారు తెలుగునాట సురభివారు. కడపజిల్లాలోని సురభి గ్రామమున 1885లో 'కీచకవధ'తో ఆరంభమైన ఈ నాటకసమాజమునకు మూలపురుషుడు వనారస గోవిందరావు. వీరి పూర్వులు మహారాష్ట్రదేశమునుండి దక్షిణమునకు వచ్చి, తోలుబొమ్మలాటతో జీవించిన ఆరెమరాఠీలు. కుటుంబసభ్యులే నటులు, వాద్యగాండ్రు, చిత్రకారులు, డేరాపనివారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వీరియందు మొదటినుండియు ఉన్న ఆచారము. చుట్టును రేకులు, పైన గుడ్డ లేక తాటాకు కప్పుగా గల తాత్కాలిక నాటకశాలను ఊరివెలుపల నిలిపి, ఆ ఊరిలో నెలలతరబడి దినమునకొక నాటకముగా ఆడెడివారు. 'మాయాబజార్'లో ఘటోత్కచుని మాయలు, ఆకాశగమనము, అగ్నిబాణములు, తెరమీద తెరగా విప్పుకొను రాజసభలు, అరణ్యములు ఇవన్నియు త్రాళ్ళు, కప్పీలు, గుడ్డమీది చిత్రములతో సాధించినవే. సర్కసు డేరాలోని త్రాటివిద్యకు పౌరాణిక కథ తోడైనచో ఏమగునో సురభి చూపినది. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన సురభి నాగేశ్వరరావు, బాబ్జీ యను పేర ప్రసిద్ధుడు, 2013లో పద్మశ్రీ నందెను. మరాఠీ నేలనుండి వచ్చినవారు తెలుగున ఆడగా తెలుగుదేశము తనవారనుకొన్నది. తెలుగు యాత్రికులు మాళేగావ్‌లో మరాఠీ తమాషా చూచి నవ్వుకొని పోవుచున్నారు. డేరాకు రాష్ట్రపు సరిహద్దు అడ్డము కాలేదు.

సంచారచిత్రములు: సినిమా మన దేశపు పల్లెలకు డేరాలోనే చేరినది. మచిలీపట్టణమున పుట్టిన రఘుపతి వెంకయ్య పక్కా సినిమాహాలు కట్టకముందు, క్రోనోమెగాఫోను యంత్రముతో ఊళ్ళు తిరిగి చిత్రములు చూపినవాడే. పిదప తెలుగు పల్లెలలో టూరింగు టాకీసులనియు, డేరాహాళ్ళనియు పిలువబడిన తాత్కాలికశాలలు స్వల్పకాలపు లైసెన్సులపై నడచి, నేల, బెంచి, కుర్చీ తరగతులతో రెండుమూడు తరములవారిని అలరించినవి. మహారాష్ట్రమున ఈ పద్ధతి జాతరలను అంటిపెట్టుకొనియే సాగినది: లారీమీద ప్రొజెక్టరు, ఎదుట డేరా, నేలమీద జనము. అందలి చివరి సంచారప్రదర్శకుల జీవితమును షిర్లీ అబ్రహాం, అమిత్ మధేశియాలు ఏండ్లతరబడి వెంటనుండి చిత్రించి, 'ది సినిమా ట్రావెలర్స్' అను చిత్రముగా రూపొందించగా, అది 2016లో కాన్ చిత్రోత్సవమున ప్రత్యేక ప్రశంస నందెను. ఫిలింరీలు పోయి డిజిటలు ప్రదర్శనము వచ్చినతోడనే పాత యంత్రములు పాతయినుముగా తూకమునకు పోవుట అందు చూడవచ్చును.

సభలు, ఉత్సవములు: నాందేడు పట్టణమున గురుగోవిందసింగు 1708లో దేహత్యాగము చేసిన స్థలమున హుజూర్ సాహిబ్ గురుద్వారము కలదు. గురుగ్రంథసాహిబునకు గురుపీఠము లభించి మూడువందల యేండ్లు నిండిన సందర్భమున 2008లో జరిగిన మహోత్సవమునకు దేశవిదేశముల సిక్కులు రాగా, సభలకును యాత్రికుల వసతికిని గుడారములు వేయవలసివచ్చినది. 1985లో ఇచ్చట జరిగిన అఖిలభారత మరాఠీ సాహిత్యసమ్మేళనమునకు శంకర్ పాటీల్ అధ్యక్షుడు. గ్రామీణ కథకుడును తమాషా వగ్‌ల రచయితయునగు ఆయనను, డేరా కళలకు నెలవైన ఈ సీమలో ఆ పీఠమున కూర్చుండబెట్టుట ఎంతయు తగియుండెను.

విదేశములలో: అమెరికాలో 1904 మొదలు షటాక్వా సంఘములవారు డేరాలతో పల్లెపట్టణములు తిరిగి ఉపన్యాసములను, సంగీతమును అందించిరి. బెర్లినున ఐరీన్ మోసింగర్ అను నర్సు తనకు సంక్రమించిన పిత్రార్జితముతో 1980లో సర్కసు గుడారము కొని టెంపోడ్రోమ్ అను సంస్కృతీవేదికను స్థాపించెను. అది 2001లో పక్కా భవనమునకు మాఱినను, ఆ భవనపు కప్పును గుడారపు శిఖరమువలెనే కట్టిరి.

అగ్నిభయము: డేరాకు పరమశత్రువు నిప్పు. 1944 జూలై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున, వాన కారకుండ మైనమును పెట్రోలును కలిపి పూసిన సర్కసు గుడారము నిమిషములలో కాలిపోయి 160 మందికి పైగా మరణించిరి. 1981 ఫిబ్రవరి 7న బెంగుళూరు వీనస్ సర్కసులో జరిగిన అగ్నిప్రమాదమున ఇంచుమించు 90 మంది, అందు పెక్కురు పిల్లలు, చనిపోయిరి. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో బడిపిల్లల వార్షికోత్సవపు పందిరి అంటుకొని 400 మందికి పైగా ఆహుతియైరి. కృత్రిమ నారల గుడ్డ, చాలని ద్వారములు, అతుకులువేసిన విద్యుత్తీగలు ఇట్టి దుర్ఘటనలలో మఱల మఱల కనబడు హేతువులు. భారత ప్రమాణసంస్థ వెలువరించిన ఐ.ఎస్. 8758 తాత్కాలిక నిర్మాణములలోను పందిళ్ళలోను తీసికొనవలసిన అగ్నిజాగ్రత్తలను నిర్దేశించును. విద్యుద్యంత్రమును డేరాకు దూరముగా నుంచుట, వంటపొయ్యిని కనాతుచెంతకు రానీయకుండుట, బయటకు పోవు దారులలో సామానులు పేర్చకుండుట ఇవి ఏ సంచారి బృందమునకైనను ప్రాణావసరములు. కనాతును అడుగున బిగించి కట్టక, ఆపదలో ఎత్తి దూరుటకు వీలుగా వదలుట మంచి డేరామేస్త్రీల పాత అలవాటు. దీనిని నిబంధనలకెక్కించుట మేలు.

నేటి స్థితి: నాందేడు పట్టణమున శంకరరావ్ చవాన్ ప్రేక్షాగృహమువంటి పక్కా నాటకశాలలు వెలసినవి, సభలకు, వివాహములకు అల్యూమినియము చట్రముపై వేయు జర్మన్ హ్యాంగర్లు వచ్చినవి. ఇవి అవసరమైనవే. కాని గొఱ్ఱెలనమ్ముకొనుటకు మాళేగావ్ వచ్చిన ధనగరుడు, ఎడ్లజత కొనుటకు వచ్చిన దేగలూరు రైతు, మ్రొక్కుతీర్చుకొనుటకు వచ్చిన తెలంగాణపు కురుమ పట్టణపు నాటకశాలకు పోరు. వారున్నచోటికి వచ్చునది డేరాయే.

డేరాను నేడు ఎక్కువగా బాధించునది శబ్దనియమము. 2000లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ధ్వనివర్ధకములు నిషిద్ధములు. మూసియున్న సభాభవనములకు ఈ నిషేధమునుండి మినహాయింపు కలదు. గుడ్డగోడల డేరాకు లేదు. సంవత్సరమునకు 15 దినములకు మించకుండ, సాంస్కృతిక ధార్మికోత్సవములకు రాత్రి 12 గంటలవఱకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదు. రోగులకును చదువుకొను పిల్లలకును నిద్ర కావలెననుట నిజమే. కాని మాళేగావ్ జాతర మైదానమున ఆ రాత్రులలో నిద్రపోవుటకు వచ్చినవాడు అరుదు. అర్ధరాత్రమున ఆరంభము కావలసిన వగ్‌ను పది గంటలలోపల ముగింపవలెనన్నచో, గణ్, గవళణ్‌లను కుదించి, బతావణీని తీసివేసి, నాలుగు పాటలతో సరిపెట్టవలసివచ్చును. అట్లు చేసిన ఫడ్‌లో చేరు కుఱ్ఱనటునకు సంపూర్ణమైన వగ్ నేర్చుకొను అవకాశము దొరకదు. జాతర జరుగు దినములను ఆ 15 దినములలో ముందుగనే చేర్చి ప్రకటించుట, మైదానమున డేరాలకు నడుమ చాలినంత యెడము విడిచి స్థలము కేటాయించుట, నీరు, మఱుగుదొడ్లు, నర్తకీమణులు దుస్తులు మార్చుకొనుటకు భద్రమైన రావుటులు సమకూర్చుట జిల్లాయంత్రాంగపు చేతిలోని పనులే. లావణి మహోత్సవమునకు వేదిక కట్టి విద్యుత్తునిచ్చుచున్న పరిషత్తునకు ఇవి భారము కావు.